వంతెన దగ్గర ఆగిన చుక్క

"ఇంకా కదుల్తలేదా?" అంది ఉమాదేవి, తన చేతిలోని ఫోన్‌ను తానే చూస్తూ.

"లేదు వదినే. ఆడనే ఉన్నది," అన్నాడు మల్లేశ్.

శ్రీసుధ ఫోటో ఉన్న గుండ్రటి చుక్క మ్యాప్ మీద ఒక సన్నటి దారి పక్కన నిలబడిపోయి చాలాసేపయింది. ఆ దారి ఉన్నది ఐర్లాండ్‌లో. చూస్తున్నవాళ్లు ఉన్నది షార్జాలో, రోలా బజారు సందడి మధ్య, రెండు కుటుంబాలు ఒకే వంటగదితో సర్దుకునే ఫ్లాట్‌లో. శ్రీసుధ ఉమకు చెల్లెలు, మల్లేశ్‌కు భార్య. అక్కడి పల్లెటూళ్లో ఒక వృద్ధాశ్రమంలో నర్సు. రాత్రి డ్యూటీ దిగగానే పొలాల మధ్య దారుల్లో పరుగెత్తి రావడం ఆమెకు అలవాటు. పరుగుకు ముందు మ్యాప్‌లో తన జాడ అక్కకు కనిపించేలా పెడుతుంది. గదికి చేరగానే ఒక్క రింగ్ ఇచ్చి కోసేస్తుంది.

ఒక్క రింగ్ అంటే చేరాను. రెండు రింగులంటే బయల్దేరుతున్నాను. ఇవతలివాళ్లు ఎత్తకూడదు, ఎత్తితే డబ్బు పడుతుంది. ఉమ భర్త గంగాప్రసాద్ దుబాయ్ వచ్చిన కొత్తలో సోనాపూర్ కూలీల క్యాంపులో నేర్చుకున్న లెక్క అది. ఫోన్లు మారాయి, యాప్‌లు వచ్చాయి. లెక్క మాత్రం ఇంటి ఆచారమై కూర్చుంది.

ఇవాళ ఆ రింగ్ రాలేదు. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. ఆశ్రమానికి చేస్తే, డ్యూటీ దిగి వెళ్లిపోయింది, చూసి రమ్మని మనిషిని పంపుతాం అన్నారు. అన్నవాళ్లు మళ్లీ పలకలేదు.

మల్లేశ్ వచ్చిన పని వేరు. రాత్రి పెళ్లాంతో ఫోన్‌లో పెట్టుకున్న తగాదాకు వదిన దగ్గర పంచాయితీ చెప్పించుకుందామని ఆదివారం పూట, తాను పనిచేసే సముద్రపు ఊరు కల్బా నుంచి బస్సెక్కాడు. వచ్చి చెప్పులు విప్పాడో లేదో, ఉమ ఫోన్ పట్టుకుని ఎదురొచ్చింది.

"నేను ముందుగల్లనే వద్దన్న," అన్నాడిప్పుడు. "ఊరుగాని ఊరు. మనిషి లేడు, పిట్ట లేదు. ఆ రాతిగోడల నడుమ ఒక్కతె ఉరుకుడేంది? నువ్వే పొమ్మన్నవ్ వదినే. చెల్లె పెద్ద నర్సయితదని నువ్వే ఎగేసినవ్."

"ఎగేసిన. మల్ల గూడ ఎగేస్త. రాత్రి ఆమెను నువ్వేమన్నవో గది జెప్పు."

మల్లేశ్ కిటికీ వైపు చూశాడు.

"చెప్పవా? నేను జెప్తా తియ్యి. వాపసు రా, లేకుంటే నీ దారి నీది, నా దారి నాది అన్నవ్. నాకు ఫోన్ జేసి ఎక్కెక్కి ఏడ్సింది. గసొంటి మాట మోసుకొని రాత్రంత డ్యూటీ జేసింది, కన్ను మూయకుంట ఉరకవోయింది. కాలు యాడ పడ్డదో, మనసు యాడున్నదో!"

"అంటే నేనే జేసిన్నా ఇదంత?"

"నేను గట్లన్నానా? నువ్వే అనుకుంటున్నవ్."

"ఖలాస్!" అని అరిచాడు గంగాప్రసాద్. సైట్‌లో వందమందిని అదిలించే ఫోర్‌మన్ గొంతు అది. ఇంట్లో మాత్రం ఆ గొంతుకు గోడలే భయపడతాయి, ఉమ భయపడదు. "ఇద్దరు ఊకోండ్రి. పోరి క్షేమంగ దొరకనియ్యుండ్రి. తర్వాత కొట్లాడుకుందురు, నేను గూడ ఒక చెయ్యేస్త."

ఉమ మ్యాప్‌ను వేళ్లతో పెద్దది చేసింది, చిన్నది చేసింది. ఎంత చేసినా పచ్చటి రంగు, తెల్లటి గీత, చెల్లెలి మొహం. తల్లి పోయిన తర్వాత ఆ పిల్లకు జడ వేసింది, బడికి పంపింది, నర్సింగు చదివించింది తానే. ఇప్పుడు ఆ పిల్లకు ఏమైనా అయితే తాను బతకదని ఉమకు తెలుసు.

"ఆడ ఏమున్నదో గూడ తెల్వకపాయె. ఒట్టి పచ్చగ కనవడ్తది," అంది.

"వంతెన ఉన్నది," అన్నాడు మల్లేశ్.

"ఏం వంతెన?"

"రాళ్లది. ఒక్క బండి పట్టేటంత. దానికంటె ముందు కూలిన చర్చి ఒకటుంటది, పైకప్పు లేదు. అది దాటినంక దారి నడిమిట్ల గడ్డి మొలిచి ఉంటది. ఎడం చేతికి గొర్ల మంద. ఎవరియో గుర్తు తెల్వాలని గొర్ల మీద నీలం రంగు పూస్తరు. ఇగ ఆడికెల్లి దిగుడు. దిగుడు కింద వంతెన. వంతెన కింద వాగు..."

వాగు అనేసరికి అతను ఆగి, చేతిలోని తెరను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"వాన వడ్డ మర్నాడు ఆ దిగుడుల మెల్లగ పోతది. ఎప్పుడైన గంతే. ఇయ్యాల మెల్లగ పోలే. జోరుగ వచ్చి, ఒక్కపారే ఆగింది."

ఉమ తన చేతిలోని ఫోన్‌ను చూసుకుంది. తర్వాత మల్లేశ్ చేతిలోకి చూసింది.

"ఆగు మల్లేశ్. నా ఫోన్ నా చేతులనే ఉన్నది. నువ్వు దేంట్ల జూస్తున్నవ్?"

మల్లేశ్ ఫోన్‌ను తొడ మీద బోర్లించాడు. దొంగ దొరికాక సంచీ దాచినట్టుంది.

ఉమ వాడే ఫోన్ ఒకప్పుడు మల్లేశ్‌దే. అతను కొత్తది కొనుక్కున్నప్పుడు, 'మంచిగనే నడుస్తది, వాడుకో వదినే' అని ఇచ్చాడు. గల్ఫ్ ఇళ్లలో పాత ఫోన్ పారేయడం ఎక్కడిది, అక్క చీర చెల్లెలికి వచ్చినట్టు చేతులు మారుతుంది. ఇచ్చేముందు వదిన పేరుతో మెయిల్ తయారు చేసింది కూడా మల్లేశే. తన కొత్త ఫోన్‌లో తయారు చేసిన ఆ మెయిల్ అందులో అలాగే ఉండిపోయింది, దానితో మ్యాప్‌లో ఉమకు కనిపించేవన్నీ అతనికీ కనిపిస్తాయి. తీసేయాలని ఉమకు తెలియదు, తీసేయాలని అతనికి లేదు. అలా శ్రీసుధ అక్కకు మాత్రమే చూపిస్తున్నాననుకున్న దారి రోజూ కల్బాలో మొగుడి ఫోన్‌లోనూ తెరుచుకుంటోంది.

"నా చెల్లెకు కావలి గాస్తున్నవా?" ఉమ అతని ముందుకు వచ్చి నిలబడింది. "ఒకదిక్కు పరుగు బంద్ జెయ్యమని లొల్లి. ఇంకోదిక్కు దొంగతనంగ చూసుడు. సిగ్గు లేదా?"

"కావలి గాదు వదినే."

"మరేంది?"

"కల్బాల ఉరికినప్పుడు ఎనక నేనుంటి గద," అన్నాడు మల్లేశ్ నేల చూపులు చూస్తూ.

అది అందరికీ తెలిసిన కథే. పెళ్లయిన కొత్తలో శ్రీసుధ కల్బాలో ఒక క్లినిక్‌లో పనిచేసేది. తెల్లవారుజామున సముద్రం పక్క రోడ్డు మీద ఆమె పరుగెత్తుతుంటే, వెనక మల్లేశ్ పాత సైకిల్ మీద నీళ్ల సీసా పట్టుకుని వెళ్లేవాడు. దుకాణాల దగ్గర పనివాళ్లు, 'భాభీకి పోలీస్ ఎస్కార్ట్' అని ఎగతాళి చేసేవాళ్లు. మల్లేశ్ బెల్లు కొట్టి మరీ పోయేవాడు.

"ఆమె ఆగితే ఆగుతుంటి, ఉరికితే తొక్కుతుంటి. ఆడ ఆమె ఎనక ఎవరున్నరు? గందుకే జూస్త. పొద్దుగాల సిమెంటు పని నడుమ ఫోన్ తీసి జూస్త. మ్యాప్‌ల ఆ దారులన్ని ఫోటోలు దీసి పెడ్తరు గద, కూసొని అవి గూడ జూసిన. గట్ల జూసుడు ఆపలేక, ఉరుకుడే బంద్ జెయ్యమని తిట్టిన."

ఉమకు కోపం తగ్గలేదు. కానీ ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఈ ముక్క ఆమెకెన్నడన్న జెప్పినవా?"

"చెప్తే ఏమనుకుంటదో అని..."

"తిడితే ఏమనుకుంటదో అని మాత్రం అనిపియ్యలే నీకు."

అప్పుడు వంటగది గుమ్మంలో గాజుల చప్పుడైంది. పక్కగది పీరాంబీ. నెల్లూరు దగ్గర బుచ్చిరెడ్డిపాలెం మనిషి, నాలుగిళ్లకు వినిపించేలా మాట్లాడే మనిషి. ఇవాళ మాత్రం చాయ్ గ్లాసులున్న పళ్లెం పట్టుకుని పిల్లిలా నిలబడింది.

"ఉమమ్మా, నేనొక మాట చెప్తా. అరవ్వు గదా?"

"చెప్పు పీరాంబక్కా."

"పొద్దున పరోటాల పిండి పిసకతా ఉండావే. అప్పుడు నీ ఫోను మోగింది. ఏందో బయట దేశం నంబరు. పిండి చేతులని నువ్వే గదమ్మా, కొయ్యక్కా అంటివి. కోసినా. మళ్లా వచ్చింది. ఫ్రాడ్ కాలక్కా, బ్లాక్ చేసెయ్ అంటివి." పళ్లెంలో గ్లాసులు గలగలమన్నాయి. "చేసేసినా. నా చేత్తోనే చేసినా. యా అల్లా, అది గాని..."

ఉమ చటుక్కున భర్త వైపు తిరిగింది.

గంగాప్రసాద్ వైపే అందరూ తిరిగారు. తెలియని విదేశీ నంబర్ ఎత్తొద్దు, కొయ్యాలి, మళ్లీ వస్తే బ్లాక్ చెయ్యాలి. ఇది ఆయన పెట్టిన చట్టం. సైట్‌లో ఎవడో మోసపోయిన దగ్గర్నుంచి పూటపూటా చెప్పి, పక్కగది వాళ్లకు కూడా నేర్పాడు. ఇంట్లో తన మాట ఒక్కటైనా చెల్లుతోందని మురిసిపోయేవాడు పాపం.

మల్లేశ్ ఉమ చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. బ్లాక్ చేసినవి తెరిచాడు. పైనే ఉంది.

"మూడు అయిదు మూడు! ఇది ఐర్లాండ్ నంబరే వదినే! మనం ఆమెను పేరు మీద పెట్టుకుంటిమి, నంబర్ ఎన్నడు జూడకపోతిమి!"

ఇంటిల్లిపాదీ ఏ ఫోన్ కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్నారో, ఆ ఫోన్‌కు తామే తలుపు గడియ పెట్టుకున్నారు. గంగాప్రసాద్ మెల్లగా మంచం మీద కూలబడ్డాడు.

"గడియ దియ్యి. ఫోన్ కొట్టు. యల్లా, జల్ది!" అన్నాడు, తనను ఎవరూ తిట్టకముందే.

"ఇంగ్లీషుల ఎవరు మాట్లాడ్తరు?"

"ఎవరో ఒకరు. ముందుగల్ల కొట్టు!"

ఉమే కొట్టింది. స్పీకర్ పెట్టింది. మోగింది. మళ్లీ మోగింది. అవతల ఒక ముసలి గొంతు హలో అని, ఆ వెంటే ఏదో గడగడా అంది. ఉమకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"మేడం... మై సిస్టర్... సుధా... సుధా!"

"ఆఁ, సుధా!" అంది ఆ గొంతు సంతోషంగా. ఎవరినో కేకేసింది. కుర్చీ జరిగిన చప్పుడు.

"అక్కా! ఎన్నిసార్లు జేసిన్నే! ఎందుకు కోస్తివే?"

ఉమకు ఏడుపు వచ్చింది. అంతవరకు బిగబట్టుకున్నదంతా ఒక్కసారి బయటపడి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. పీరాంబీ పళ్లెం ఎక్కడ పెట్టాలో తెలియక టీవీ మీద పెట్టి, తానూ వచ్చి పక్కన కూర్చుని ముక్కు చీదింది.

"ఏడువకే అక్కా, నాకేం గాలే. దిగుడుల ట్రాక్టర్ ఎదురొచ్చింది. తొవ్వ ఇద్దామని గోడ ఎక్కవోయిన. రాయి జారింది, కాలువల పడ్డ. మడమ బెణికింది. నేను నర్సునే గద, చూసుకున్న, ఇరగలే. ఆ ట్రాక్టర్ పిల్లగాడు ఇప్పుడు ఫోనెత్తిన ముసలామె, ఈ నోరమ్మ కొడుకే. మోసుకొచ్చి ఈడ కూసోవెట్టిండు. నోటికొచ్చిన నంబర్ నీదొక్కటే, గదే కొట్టిన."

"మోసుకొచ్చిండా?" అన్నాడు మల్లేశ్, ఆపుకోలేక.

అవతల కుర్చీ మళ్లీ జరిగింది.

"అక్కా, ఆడ ఎవరున్నరు?"

"ఇగో, మీ ఆయన. పొద్దున వచ్చిండు," అంది ఉమ కళ్లు తుడుచుకుంటూ. చెల్లెలు బతికి ఉంది. ఇక ఎవరెవరితో తగవు పడ్డా ఆమెకు ఫరవాలేదనిపించింది.

"ఊఁ," అంది శ్రీసుధ. తర్వాత అక్కతోనే మాట్లాడింది. "నోరమ్మ చాయ్ ఇచ్చింది. సగం పాలే. రొట్టె మీద వెన్న అంగుళం మందం పూస్తది. ఆశ్రమం వాళ్లు గూడ ఇప్పుడే వచ్చిండ్రు. అంత మంచిగనే ఉన్నది గని, నా ఫోన్ యాడ పడ్డదో దొరుకుతలేదు, డ్యూటీ కోసం సప్పుడు బంద్ వెట్టి ఉంటి. ఆ పిల్లగాడు కాలువంత వెతికిండు."

"కాలువల లేదు," అన్నాడు మల్లేశ్. "వంతెనకు ఇవతల, ఎడం దిక్కు గోడ ఉంటది సూడు, దాని అవతలి మొఖాన, గొర్ల దిక్కు. చుక్క గోడ అవతలికే ఉన్నది. వెతకమను."

ఉమ చెయ్యి అడ్డం పెట్టబోయింది. ఆలస్యమైపోయింది.

"నీకెట్ల దెలుసు?" అంది శ్రీసుధ.

మల్లేశ్ వదిన వైపు చూశాడు. ఉమ తల తిప్పుకుంది. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

"వదిన మెయిల్ నా ఫోన్‌ల ఉండిపోయింది," అన్నాడు. "జూస్త."

"ఎన్నడి సంది?"

"నువ్వు పోయినప్పటి సంది. రోజు జూస్త."

నోరమ్మ ఇంట్లో గడియారం ఏదో కొట్టుకుంటున్న చప్పుడు ఇక్కడికి వినిపించింది. తిడుతుందని ఉమ అనుకుంది. తిట్టినా తప్పు లేదనుకుంది.

"మొన్న ఆ దారిల ఎర్రగేటు కాడ చానాసేపు కూసున్న," అంది శ్రీసుధ మెల్లగా. "గది గూడ జూసినవా?"

"జూసిన."

"కూసొని ఏడ్సిన."

"గది... గది కనవడలే సుధా."

"ఆగింది కనవడ్డది గద. మరి ఫోనెందుకు జెయ్యలే?"

మల్లేశ్ దగ్గర ఉన్న జవాబు చెప్పుకోదగ్గది కాదు. అతను కల్బాలో సిమెంటు బస్తాల మీద కూర్చుని, ఆమే చేస్తుందేమోనని ఆ మధ్యాహ్నమంతా ఫోన్‌నే చూశాడు.

"సరే, ఇడ్సిపెట్టు," అంది శ్రీసుధ. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఉరికినన్ని దినాలు ఎనక ఎవరో ఉన్నట్టే అనిపిస్తుండె. నా పిచ్చి అనుకున్న. ఇప్పుడు జెప్తున్న విను. నువ్వు వచ్చేటందుకు వీసా కాయిదాలు ఎప్పుడో పంపిన, నీ పెట్టెల వడి ఉన్నయి. నువ్వొస్తవా, లేకుంటే నేనే ఈడ ఇడ్సిపెట్టి రావాల్నా? రాత్రి తిట్టినట్టు గాదు, సక్కగ జెప్పు. సాయంత్రం దాక నోరమ్మ ఇంట్లనే ఉంట."

"సుధా, నేను..."

"ఇప్పుడు గాదు. నువ్వు నోటితోని మొదలువెడ్తె తిట్టే వస్తది. మన రింగుల లెక్క ఉన్నది గద, ఈ నంబర్‌కే కొట్టు. ఒక్కటైతే ఉన్నకాడనే ఉన్ననని. రెండైతే బయల్దేరుతున్ననని. అక్కా, ఏమన్న తిను. ఉంట."

ఫోన్ పెట్టేసింది.

తర్వాత ఆ ఇంటికి ఆకలి గుర్తొచ్చింది. పొద్దున పిసికిన పిండి పరోటాలైంది. పీరాంబీ గొంతు మళ్లీ నాలుగిళ్లకు వినిపించడం మొదలైంది. "ఇంక నీ ఫోను నేను తాకితే ఒట్టుమ్మా!" అని ఉమకు చెప్పి, ఆ వెంటనే ఉమ ఫోన్ తీసుకుని ఆ నంబర్‌కు 'నోరమ్మ' అని పేరు పెట్టింది. గంగాప్రసాద్ తన చట్టాన్ని సవరించాడు. మూడు అయిదు మూడుతో మొదలైతే మాత్రం ఎత్తవచ్చునట. "నువ్వు చట్టాలు చేసుడు బంద్ వెట్టు," అంది ఉమ, ఆయన పళ్లెంలో ఇంకో పరోటా వేస్తూ. చాలా రోజుల తర్వాత ఆమె కడుపు నిండా తింది.

మల్లేశ్ తినలేదు. బాల్కనీలో, ఆరేసిన బట్టల మధ్య నిలబడి ఉన్నాడు. కింద రోలాలో టాక్సీల హారన్లు మోగుతున్నాయి. ఉమ అతని కోసం చాయ్ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. అతను నోరమ్మ నంబర్ నొక్కి, స్పీకర్ పెట్టి, ఫోన్‌ను మొహం ముందు పట్టుకుని ఉన్నాడు.

ఉమకు ఇంట్లోని మాటలు వినిపించడం మానేశాయి.

ఒక రింగ్ పోయింది.

మల్లేశ్ వేలు ఎర్ర బొత్తాం మీదే ఉంది. వేలు కదల్లేదు. రెండో రింగ్ మొదలైంది. అది పూర్తయి అతను కోసేలోపే అవతల ఫోన్ ఎత్తేశారు.

నోరమ్మకు ఈ ఇంటి ఆచారం ఏం తెలుసు? ఫోన్ మోగితే ఎత్తుతారు వాళ్లు. "హలో?" అంది ఆమె. "హలో? హలో?"

మల్లేశ్ కంగారుగా వదిన వైపు తిరిగాడు. ఏం చెయ్యాలి అన్నట్టు చెయ్యి ఊపాడు. ఉమ చాయ్ గ్లాసు గట్టు మీద పెట్టింది, ఫోన్ అందుకోలేదు.

"మాట్లాడు," అంది.

ఫోన్‌లో ఏదో గుసగుస, ఒక ముసలి నవ్వు. తర్వాత శ్రీసుధ గొంతు చాలా దగ్గరగా వచ్చింది.

"రెండు మోగిందంటున్నది నోరమ్మ. కోసుడు మర్చిపోయినవా, కావాల్ననే కొట్టినవా?"

మల్లేశ్ మొహం భుజానికి తుడుచుకుని, ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, "కావాల్ననే," అన్నాడు.